నీడ పడ్డవాళ్ళ మాట

వేపచెట్టు నీడకు ఒక వాసన ఉంటుందని చెబితే కోరుట్లలో మా ఇంటి ఓనరమ్మ నవ్వింది. "నీడకు వాసనేంది టీచరమ్మా?" అంది. నేను టీచరును కాను. జగిత్యాలలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరైనదాన్ని. ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు పుస్తకం పట్టుకున్న ప్రతి మనిషీ టీచరే. ఇక నీడ వాసన గురించి ఏం చెప్పను? తడి గంజి, రాలిన వేపపూత, రాత్రి మంచుకు నానిన మట్టి, ఈ మూడూ కలిస్తే వచ్చే వాసన అది. నా చిన్నతనమంతా దాని కిందే గడిచింది. కోరుట్ల ఇంట్లో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపించేది. ఆ గోడ మీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో నాకు కంఠతా వచ్చు. మాకు పిల్లలు లేరు. మా ఆయన పోయిన తర్వాత ఆ రెండు గదుల పోర్షన్‌లో నేనూ, ఆ గోడా మిగిలాం. పొద్దున వండుకున్నది రాత్రికీ సరిపోయేది. కొన్నిరోజులు పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. అందుకే ఆ పొద్దున ఫోన్ మోగితే మందులషాపు వాళ్ళేమో అనుకున్నాను.

"సత్తెక్కా, నేను మల్లేశాన్ని. తంగళ్ళపల్లి నుంచి. ఎల్లయ్య కొడుకును" అన్నాడు. ఎల్లయ్య కాక మా బాపుకు, అంటే నాన్నకు, వరుసకు తమ్ముడు. సిరిసిల్ల దాటి మానేరు వంతెన దిగితే వచ్చే తంగళ్ళపల్లిలో మా ఇంటికి ఎదురిల్లు వాళ్ళది. మల్లేశం నాకంటే చాలా చిన్నవాడు, చెడ్డీ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకొని ఉరికేవాడు. ఇప్పుడు అతనికే మనవలున్నారు.

"మంచిగున్నవా అక్కా? ఒక్క మాట కోసం చేసిన. పడుగుల బాట మీది చెట్లు కొట్టిస్తున్నం. మా దిక్కు ఇండ్లోల్లమంత కలిసి షెడ్డు ఏస్తున్నం, కొత్త సాంచెలు దింపుతున్నం. మా బాపు పోయేటప్పుడు చెప్పి పోయిండు, సత్తెక్కను అడగంది గొడ్డలి పెట్టద్దని. గందుకే అడుగుతున్న. నువ్వు సరే అంటే అయిపోతది."

"మిగతా వాళ్ళను అడిగినవా?"

"అందర్ని అడిగిన. భీవండీల ఉన్నోల్లు, సూరత్‌ల ఉన్నోల్లు, అందరు ఫోన్ల సరే అన్నరు."

"ఇది ఫోన్ల చెప్పే మాట కాదు. నేనే అస్త" అన్నాను. ఎందుకు అలా అన్నానో అప్పటికి నాకూ తెలియదు.

పడుగుల బాట అంటే ఈ కాలం వాళ్ళకు తెలియదు కాబట్టి కాస్త చెప్పాలి. సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, రాకముందు మా వీధిలో ఇంటికొక చేమగ్గం ఉండేది. మగ్గం మీదికి ఎక్కించేముందు నిలువు పోగులన్నిటినీ కలిపి వీధి పొడవునా సాగదీసి కట్టాలి. దాన్నే పడుగు అంటారు. దానికి బియ్యపు గంజిలో కొంచెం నూనె కలిపి పట్టించి, ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు నిలబడి ఈ కొస నుంచి ఆ కొస దాకా పెద్ద కుంచెతో దువ్వుకుంటూ నడవాలి. ఆ గంజి నెమ్మదిగా ఆరాలి. ఎండ తగిలిందా, పోగు పెళుసెక్కి మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. పూర్తిగా చీకటి కోణమైతే ఆరదు, బూజు పడుతుంది. గాలి ఆడే నీడ కావాలి. అలాంటి నీడ ఇంట్లో దొరకదు, చెట్ల కిందే దొరుకుతుంది. అందుకని మా తాతల కాలంలోనే బాటకు అటూ ఇటూ రెండు వరసల వేపచెట్లు నాటుకున్నారు. తూర్పు దిక్కు ఇళ్ళవాళ్ళు నాటిన చెట్ల నీడ పొద్దున మా పడమటి దిక్కు వాళ్ళ పడుగుల మీద పడేది. మేం నాటిన వాటి నీడ పొద్దు వాలాక వాళ్ళ పడుగుల మీద పడేది. అంటే మా చెట్టు మాకు పనికిరాదు, వాళ్ళ చెట్టు వాళ్ళకు పనికిరాదు. దీన్నిబట్టే ఒక కట్టుబాటు పుట్టింది. నాటినవాడు నీళ్ళు పోయాలి, పశువులు కొరకకుండా కంప కట్టాలి. కానీ కొమ్మ కొట్టాలంటే మాత్రం నాటినవాడి మాట చెల్లదు, నీడ ఎవరి మీద పడుతుందో వాళ్ళ మాటే చెల్లుతుంది. అడగకుండా కొట్టినవాడి పడుగు నిలవదని మా వాళ్ళ నమ్మకం. ఎల్లయ్య కాకకు, మా బాపుకు పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి చాలాకాలం మాటలు లేవు. ఆ రోజుల్లో కూడా కాక తన చెట్టు కొమ్మ ఒకటి ఇంటి పెంకుల మీద వాలితే, దాన్ని కొట్టనిమ్మని మా అవ్వతో, అంటే మా అమ్మతో, కబురు పంపించాడు. బాపు మూడు రోజులు బిగుసుకొని కూర్చుని, ఆఖరికి "చిన్నకొమ్మ కొట్టుకొమ్మను, పెద్దది ముట్టద్దను" అని చెప్పి పంపాడు. కొమ్మతోపాటు వాళ్ళ పంతం కూడా కొంత తెగిందని అవ్వ నవ్వేది.

తొలికోడి కూసేసరికి బాట మీద మనుషులు లేచేవాళ్ళు. అవ్వ గంజి కాచిన గుండిగ దించేది. ఇంట్లో తాగడానికి చాయ్ లేని రోజులున్నాయి గానీ పడుగుకు గంజి లేని రోజు లేదు. బాపు చొక్కా లేకుండా, ధోతి పైకి కట్టుకొని, పడుగు పక్కన నడిచేవాడు. అతని నడక చెట్టు నుంచి చెట్టుకు ఉండేది. మా చిన్నపిల్లల పని వేరు. చైత్రంలో వేపలు పూతకొస్తే సన్నటి తెల్లటి పూలు గంజి తడి మీద రాలి అంటుకునేవి. అవి ఒక్కొక్కటే గోటితో ఏరాలి, పోగు కదలకూడదు. నేను, పక్కింటి రాజమణి, చెరో దిక్కు వంగి ఏరేవాళ్ళం. ఎంత ఏరినా రెండు మూడు తప్పించుకొని మగ్గం దాకా పోయి నేతలో కలిసిపోయేవి. ఏ ఊళ్ళో ఏ ఆడమనిషి చీర కొంగులో మా చెట్టు పూలున్నాయో అని ఇద్దరం ముచ్చటపడేవాళ్ళం. రాజమణి నాకన్నా గడుసుది. పై కొమ్మన గోరింకలు కొట్లాడుకుంటే పని వదిలేసి తల ఎత్తి తీర్పు చెప్పేది. కాకులైతే సరే, తెల్లగా దువ్విన పడుగు మీద వాటి ముద్ర వేయకుండా పోవు. ఒకసారి అవ్వ కట్టె తీసుకొని కాకి వెంటపడితే బాపు ఆపాడు.

"దాని ఇంటి కింద మనం పడుగు ఏసినం. అదేమన్నా మనను అడిగిందా? ఊకో" అన్నాడు.

బాపు మాటలు తక్కువ మనిషి. తిట్టినా పొగిడినా ఒక వాక్యమే. పని మధ్యలో మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, గడప మీద కూర్చుని, బీడీ కూడా వెలిగించకుండా ఊరికే చెట్ల దిక్కు చూస్తుండేవాడు. "పొద్దంత పోగును చూసి చూసి కండ్లు ముడుచుకపోతయి బిడ్డా. జరంత పచ్చదనం చూపిస్తే మల్ల విచ్చుకుంటయి" అనేవాడు. అవ్వకు అది పని ఎగ్గొట్టే ఎత్తుగా కనిపించేది. "మీ బాపు చూపుతోనే మేస్తడు" అని నాతో అనేది. అమావాస్య నాడు మా వాళ్ళు మగ్గం ఎక్కరు. ఆ రోజు బాపు నన్నూ, నాతో పాటు రాజమణినీ తీసుకొని మానేరు ఒడ్డు వెంబడి గుట్ట దిక్కు నడిచేవాడు. ఎండాకాలం ముందైతే మోదుగులు ఎర్రగా పూసి, ఆకు ఒక్కటీ లేకుండా నిలబడేవి. వాన పడ్డాక తంగేడు పచ్చగా విరబూసేది. తునికి పండ్లు, పరికి పండ్లు, రేగు పండ్లు, ఏ కాలానికి ఆ పండు. నోరు వగరెక్కేదాకా తినేవాళ్ళం. పండు తెంపడానికి కొమ్మ వంచితే ఏమనేవాడు కాదు, విరిస్తే మాత్రం మాట్లాడడం మానేసేవాడు. ఆ మౌనం కంటే దెబ్బ నయమని మా ఇద్దరికీ అనిపించేది. గుట్ట మీద ఒక పెద్ద బండ ఉండేది, దాని మీద కూర్చుంటే మానేరు ఇసుక, ఆ పక్కన పచ్చని మళ్ళు, ఇవతల మా రెండు వరసల వేపచెట్లు కనిపించేవి. ఊళ్ళో ఇళ్ళు కనిపించేవి కాదు, చెట్లే కనిపించేవి. మా ఊరు ఇంత బాగుంటుందా అని ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయేదాన్ని. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గెందుకు, అంతటి సంతోషం నాకు మళ్ళీ దొరకలేదు.

తర్వాత సాంచెలు వచ్చాయి. పడుగు మిషన్ మీద తయారై పెద్ద కడ్డీకి చుట్టుకొని వస్తుంటే గంజికి నీడెందుకు? చప్పుడు తప్ప వీధిలో ఏమీ మిగల్లేదు. బాపు చేమగ్గం విప్పేసి, ఇల్లు ఎవరికో ఇచ్చేసి, నా పెళ్ళి చేసి, ఎక్కువ కాలం బతకలేదు. అవ్వ నా దగ్గరే జగిత్యాలలో పోయింది. రాజమణి పెళ్ళయి భర్తతో భీవండీ వెళ్ళిపోయింది. బాట మీద తారు పోసినప్పుడు మేం నాటిన పడమటి వరస మొత్తం పోయిందని వినికిడి. నేను జగిత్యాలలో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకొని ఖిల్లా కందకం దగ్గర చెట్టుంటే దాని కింద కూర్చొని తిని వచ్చేదాన్ని. లైబ్రరీలో ఫ్యాను ఉండగా ఇదేం రోగమని తోటివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మా అవ్వ నన్ను ఊరికే అనలేదు.

కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరి, ఆటో ఎక్కి వంతెన దాటాను. పడమటి వైపు బోసిగా ఉంది. కానీ తూర్పు వరస అలాగే ఉంది. నేను ఎరిగిన చెట్లే, నడుము లావెక్కి, కొమ్మలు బాట మీదికి వంగి ఉన్నాయి. ఎల్లయ్య కాక చెట్టు దగ్గర నిలబడ్డాను. పక్కనే రాజమణి వాళ్ళ పడుగు మీద నీడపడే చెట్టు. నాకు ఏడుపొచ్చింది, ఎవరూ చూడలేదు కాబట్టి ఏడ్చాను.

మల్లేశం భార్య భాగ్య నీళ్ళిచ్చి, చాయ్ పెట్టి, బలవంతంగా ఉప్మా తినిపించింది. మల్లేశం కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చున్నాడు. మంచివాడు, మాటలో తిరకాసు లేదు.

"అక్కా, నువ్వు వద్దంటవని నాకు తెలుసు. జర నా మాట ఇను. మా పిల్లలు ఆడికి పోయి ఈడికి పోయి మందిల బతుకుతున్నరు. పెద్ద షెడ్డు ఏస్తే కొత్త సాంచెలు పడుతయి, ఇద్దరన్న ఇంటికాడ ఉంటరు. జాగ సాలుతలేదు. చెట్లు అడ్డమున్నయి."

"నీ కష్టం కాదనను. కానీ మాట నాది గదా, మల్లేశం. నీడ మా బాపు పడుగు మీద పడ్డది."

అతను ఒప్పుకున్నట్టు తల ఊపాడు. "మాట నీదే. గా కట్టుబాటు మీదనే అడుగుతున్న. నీడ ఎవలి మీద పడుతే ఆళ్ళ మాట అన్నరు. పడుగు లేదు. ఇల్లు లేదు. నువ్వు కోరుట్లల ఉంటివి. ఇప్పుడు నీడ ఎవలి మీద పడుతున్నదక్కా?"

బాపు ఉంటే ఒక్క వాక్యంలో చెప్పేవాడేమో. నేను లేచి వెళ్ళి, రోడ్డు అంచున, చెట్టు నీడ పడేచోట కూర్చున్నాను. ఎర్రమట్టి చీరకు అంటుకుంది. పోయేవాళ్ళు చూస్తున్నారు. ముసలామెకు తల తిరిగిందేమో అని ఒకతను బండి ఆపాడు కూడా.

"ఇప్పుడు నా మీద పడుతున్నది" అన్నాను.

మల్లేశం నవ్వాడు, కానీ ఎగతాళిగా కాదు. "ఇయ్యాల పడుతది. రేపు?"

తిరిగి కోరుట్లకు పోయిన బస్సులో ఆ మాటే చెవిలో ఉంది. రేపు అంటే నాకు ఏముంది? సున్నం ఊడిన గోడ ఉంది. నేను లేకపోతే కోరుట్లలో ఎవరికీ ఏమీ తక్కువ కాదు, పాలవాడికి ఒక పాకెట్ మిగులుతుంది. ఆ ఆలోచన ఎన్నో ఏళ్ళుగా నన్ను భయపెట్టింది. ఆ రోజు మొదటిసారి దానితో ఒక పని ఉందనిపించింది. నెల తిరగకముందే సామాను కట్టించి, తంగళ్ళపల్లిలో పడమటి దిక్కున భాగ్య వాళ్ళ చుట్టాలది ఒక గది ఖాళీగా ఉంటే కిరాయికి తీసుకున్నాను. ఓనరమ్మ ఆటో దాకా వచ్చి, "ఏమైంది టీచరమ్మా, మేమేమన్న అన్నమా?" అని నొచ్చుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఆశ్చర్యమేసింది.

అప్పటి నుంచి రోజూ పొద్దున ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకొని కాక చెట్టు నీడలో కూర్చుంటున్నాను. మల్లేశం మాటకు కట్టుబడ్డాడు. షెడ్డు గోడకు గీసిన ముగ్గును ఆ చెట్టు దగ్గర వంకర తిప్పించాడు. మేస్త్రీ గొణిగితే, "నీడ పడుతున్నది, కనబడ్తలేదా" అన్నాడట. ఒక చెట్టు నిలబడిందని నా సంతోషానికి హద్దు లేదు. కానీ మిగతా చెట్ల సంగతి? మల్లేశం ఆ కట్టుబాటు ఒప్పుకున్నాడు కదా అని, నేను కుర్చీని వరస పొడవునా జరపడం మొదలుపెట్టాను. కొంతసేపు ఈ చెట్టు కింద, కొంతసేపు ఆ చెట్టు కింద. పిల్లలు కుర్చీలాట అని నవ్వారు. మల్లేశం రెండు రోజులు చూసి, మూడో రోజు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ఒక్క మనిషివి ఎన్ని నీడల్ల కూసుంటవు? నీ చెట్టు నేను ముట్ట. ఆళ్ళవి ఆళ్ళు ఇచ్చిన్రు. ఆళ్ళను అడుగు."

అడిగాను. ఒక్కొక్కరి నంబరు సంపాదించి ఫోన్లు చేశాను. ఒక్క నెల వచ్చి కూర్చోండి, చాలు, అన్నాను. ఒకాయన, "చెట్టు కింద కూసుండనీకె లీవు అడుగుతే నన్నే పనిల నుంచి తీసేస్తరు" అని నవ్వాడు. ఒకామె ఎవరు మాట్లాడేదీ పోల్చుకోలేదు. సూరత్‌లో ఒకాయన, "మా నాయిన పోయినంక గా చెట్టు నాకు గుర్తు కూడ లేదు చెల్లె" అన్నాడు, నిజమే చెప్పాడు. రాజమణి ఒక్కతే ఫోన్లో గొల్లుమంది. గోరింకల మాట, అమావాస్యల మాట, బాపు అలిగి మాట్లాడకపోవడం, అన్నీ గుర్తు చేసుకుంది. "అస్తనే సత్తెమ్మా. ముసలోడు పోయినంక నాకు మాత్రం ఈడ ఏమున్నది? కోడలు కానుపు అయినంక అస్త. నా చెట్టు కొట్టనియ్యకు" అంది. ఇద్దరం ఆ గదిలో ఉండొచ్చు అనుకున్నాను. రెండో మంచం ఎక్కడ వేయాలో కూడా చూసి పెట్టుకున్నాను. మల్లేశం దగ్గరికి పోయి, రాజమణి వస్తోంది, ఆమె చెట్టు కొంచెం ఆపమని బతిమాలాను. ఆపాడు. మిగతావి కొట్టారు. మిషన్ రంపంతో ఒక పూటలో అయిపోయింది. మధ్యలో రెండు చెట్లు మిగిలాయి, నాదీ, రాజమణిదీ.

కానుపు అయింది. తర్వాత పసిపిల్లకు పచ్చకామెర్లన్నారు. తర్వాత కోడలికి డ్యూటీ ఉంది, పిల్లను ఎవరు చూస్తారన్నారు. రాజమణి చెప్పినవన్నీ నిజాలే, ఒక్క అబద్ధం లేదు. మల్లేశం కూడా ఎన్ని రోజులు ఆగుతాడు? రేకులు వచ్చి పడి ఉన్నాయి, సాంచెలు వచ్చే బండి మాట్లాడారు. ఒకరోజు నేను నీళ్ళు పట్టుకుంటుంటే వచ్చి, "అక్కా, ఇగ నాతోని కాదు" అన్నాడు. అతని ముఖం చూస్తే కోపం కూడా రాలేదు. నేను పోయి నా చెట్టు కింద కుర్చీలో కూర్చున్నాను, అవతల రంపం పెట్టారు. నేను నా కుర్చీలోంచి లేవలేదు. లేస్తే నా చెట్టు మీద మాట పోతుందేమోనని భయం వేసింది. రాజమణి చెట్టు నా ఎదుటే పడింది.

ఇప్పుడు కొత్త షెడ్డులో మల్లేశం చిన్నకొడుకు పనిచేస్తున్నాడు. ఊళ్ళోనే ఉంటున్నాడు. అతను మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చుకొని నా చెట్టు కింద తింటాడు, చెవుల్లో ఫోను పెట్టుకొని. నేను పలకరిస్తే తల ఊపుతాడు. సాంచెల చప్పుడులో ఏ పిట్ట అరిచినా వినపడదు.

మొన్న రాజమణి ఫోన్ చేసింది. ఇన్నాళ్ళూ నేనే చేయలేదు, ఎట్లా చెప్పాలో తెలియక. మనవరాలు బోర్లా పడిందని, వచ్చే నెలలో తప్పకుండా బయల్దేరుతున్నానని, టికెట్టు చూస్తున్నారని చెప్పింది. తన చెట్టు ఎట్లున్నదని అడిగింది.

"కొట్టిన్రే" అన్నాను.

చిన్నపిల్లలా, అలిగినట్టు అడిగింది.

"మరి నువ్వు ఆడనే ఉంటివి గదనే. నా దాని కింద కూడ కూసుంటే అయిపోతుండె గద?"

"నేనొక్కదాన్నే గద రాజమణీ" అన్నాను.